కాటా దగ్గర నేర్చుకున్న సేద్యం: ఒక నగర క్షేత్రంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్

నగరం మధ్యలో కూరగాయలు పండించి, వాటిని చుట్టుపక్కల పేటల వారికే అందించే ఒక చిన్న వ్యవసాయ క్షేత్రంలో నేను ఆరు నెలల పాటు ఇంటర్న్‌గా పనిచేశాను. వారానికి నాలుగు రోజులు, రోజుకు ఆరేసి గంటలు అన్నది మొదట చెప్పిన లెక్క. మట్టి పరీక్ష నుంచి చివరి కోత దాకా ఒక పూర్తి పంటకాలం అక్కడే గడిపాను కాబట్టి, ఇలాంటి చోటుకు దరఖాస్తు పెట్టుకోవాలని ఆలోచిస్తున్న వారికి పనికొచ్చేలా ఆ అనుభవాన్ని వివరంగా సమీక్షిస్తున్నాను. క్షేత్రం పేరు మాత్రం రాయడం లేదు. నాకు నచ్చని విషయాలు కూడా ఇందులో ఉన్నాయి, వాటిని నిర్వాహకులకు నేరుగా రాసిచ్చాను; ఒక సంస్థను నలుగురిలో నిలబెట్టడం కంటే, ఇలాంటి ఇంటర్న్‌షిప్‌ను దేన్నిబట్టి అంచనా వేసుకోవాలో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. మడి కట్టడం, నారు పోయడం, కలుపు తీయడం వంటి పనులను ఓపిక ఉన్నవారు ఎక్కడైనా, ఆఖరికి ఇంటి మేడ మీదైనా నేర్చుకోవచ్చు. పండిన పంట ఎవరి ఇంటికి, ఏ దారిన, ఏ స్థితిలో చేరుతోంది, చేరనిది ఎందుకు చేరలేదు అన్నది మాత్రం ఇలాంటి క్షేత్రంలోనే నేర్చుకోగలం. ఆ విషయంలో మాకు దొరికిన శిక్షణ చాలా గొప్పది. పంట విషయంలో గ్రాముల దాకా లెక్క చూసిన ఆ సంస్థ, తన డబ్బు విషయంలోనూ మా శ్రమ విషయంలోనూ అంత శ్రద్ధ చూపలేదు. ఈ సమీక్షలో నా మెప్పూ నా ఫిర్యాదూ రెండూ అక్కడి నుంచే పుట్టాయి.

మొదటి రెండు వారాల్లో మా చేత ఒక్క విత్తనం కూడా నాటించలేదు. నలుగురు ఇంటర్న్‌లమూ గ్లౌజులు తొడుక్కుని మట్టి నమూనాలు తీయడంతోనే ఆ రోజులు గడిచాయి. అప్పట్లో నాకు అది విసుగు పుట్టించిన మాట నిజమే గానీ, నగరంలో చేసే సేద్యానికి పునాది అక్కడే ఉందని తర్వాత అర్థమైంది. పల్లెలో పొలం చరిత్ర అడిగితే అంతకుముందు వేసిన పంటల పేర్లు చెబుతారు. నగరంలోని ఖాళీ స్థలం చరిత్ర అడిగితే ఒకప్పుడు అక్కడున్న షెడ్డు గురించి, కూలగొట్టిన ఇంటి గోడలకు వేసిన రంగు గురించి, పక్క రోడ్డు మీద దశాబ్దాల పాటు తిరిగిన బండ్ల పొగ గురించి చెప్పాలి. పాత రంగుల్లోనూ ఒకనాటి పెట్రోలులోనూ సీసం ఉండేది. అది మట్టిలో చేరాక ఎండకూ వానకూ విరిగిపోదు, ఎక్కువ భాగం పై పొరలోనే ఉండిపోతుంది. పిల్లల ఒంట్లోకి అది ఎంత తక్కువగా వెళ్లినా క్షేమమని చెప్పడానికి వీల్లేదు.

నమూనా తీసే పద్ధతిని మాకు దగ్గరుండి నేర్పారు. స్థలాన్ని ముక్కలుగా విభజించుకుని, ఒక్కో ముక్కలో వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల పైనున్న చెత్తను పక్కకు తోసి, అర అడుగు లోతు దాకా మట్టి తీయాలి. అదంతా ఒక ప్లాస్టిక్ బకెట్టులో కలిపి, గుడ్డ మీద పరిచి, నాలుగు భాగాలుగా చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలను తీసేయాలి. మిగిలినదాన్ని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేస్తూ, సుమారు అరకిలో మిగిలే దాకా ఇలాగే చేసుకుపోవాలి. ఫలితాలు వచ్చిన రోజున మా పర్యవేక్షకురాలు బోర్డు మీద రెండు అంకెలు పక్కపక్కన రాశారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పిల్లలు ఆడుకునే మట్టిలో సీసానికి చాలా ఏళ్ల పాటు కిలోకు 400 మిల్లీగ్రాములను హద్దుగా చూసేది. 2024 జనవరిలో ఇళ్ల స్థలాలకు ఆ అంకెను 200కు తగ్గించింది. మట్టి అదే మట్టి, దాని గురించి మనకు తెలిసినదే పెరిగిందని ఆమె అన్నారు.

మా క్షేత్రంలో పాత గోడ వెంబడి ఉన్న పట్టీలో సీసం మిగతా చోట్ల కంటే బాగా ఎక్కువగా వచ్చింది. ఆ పట్టీలో నేల మీద నేరుగా ఏదీ వేయకూడదని నిర్ణయించి, కింద మందపాటి గుడ్డ పరిచి, దాని మీద అడుగు ఎత్తున శుభ్రమైన మట్టీ కంపోస్టూ నింపిన ఎత్తు మడులు కట్టాం. దుంపలకు మట్టి అంటుకుంటుంది, ఆకుకూరల మీద వాన చినుకులకు మట్టి చిందుతుంది, అందుచేత ఆ రెండింటినీ గోడకు దూరంగా ఉంచి, గోడ పక్కన టమాటా, వంగ వంటి కాయపంటలు మాత్రమే పెట్టాం. దుమ్ము లేవకుండా నడిచే దారులన్నీ చెక్కపొట్టుతో కప్పాం. అంతకన్నా ముఖ్యంగా, ఆ పరీక్ష ఫలితాల కాగితాన్ని కూరగాయలు పంచే బల్ల దగ్గర, వచ్చిన ప్రతివారికీ కనబడేలా అతికించారు. తినేవారి దగ్గర మట్టి సంగతి దాచకూడదన్న ఆ పట్టుదలకు నేను నిండు మనసుతో మార్కులు వేస్తాను. ఏ నగర క్షేత్రానికి వెళ్లినా మీరు మొదట అడగవలసింది మట్టి పరీక్ష కాగితమే.

కంపోస్టు పని కూడా అంతే నిక్కచ్చిగా నేర్పారు. పొడి ఆకులూ రంపపు పొట్టూ ఒకవైపు, కూరగాయల తొక్కలూ పచ్చి గడ్డీ ఒకవైపు ఉంచుకుని, నత్రజని ఒక పాలుంటే కర్బనం ఇరవై అయిదు ముప్పై పాళ్లు ఉండేలా కుప్ప వేయాలి. పొడవాటి థర్మామీటరు గుచ్చి రోజూ వేడి చూసి పలక మీద రాయాలి. అమెరికా సేంద్రియ ప్రమాణాల ప్రకారం, తిరగేసే కుప్ప అయితే కనీసం 15 రోజుల పాటు 55 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉండాలి, ఆ వ్యవధిలో కనీసం 5 సార్లు తిరగేయాలి. అప్పుడే రోగకారక క్రిములూ చాలావరకు కలుపు విత్తనాలూ చస్తాయి. ఒక వారం మా కుప్ప వేడి 41 డిగ్రీలకు పడిపోయి, కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. వంటశాలల నుంచి వచ్చిన తడి చెత్తను కొలత చూడకుండా పోయడం వల్ల లోపల గాలి ఆడలేదు. పారలతో కుప్ప మొత్తం విప్పి, మధ్య మధ్య ఎండుటాకులు వేస్తూ మళ్లీ పేర్చాం. మూడో రోజు ఉదయం థర్మామీటరు ముల్లు 58 దగ్గర నిలబడింది. కుప్ప మీద చేయి పెట్టి చూస్తే ఆ వెచ్చదనం అరచేతికి తెలిసింది. ఆ చెత్తలో వచ్చిన ప్లాస్టిక్ పొట్లాలను ఏరడానికి మాత్రం చాలా గంటలు పోయాయి. చెత్త పంపే వారితో ముందే గట్టిగా మాట్లాడుకుని ఉంటే ఆ గంటలు మిగిలేవి.

నారు పెంపకం, డ్రిప్ గొట్టాలు పరచడం, కలుపు తీయడం గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. నేర్పిన తీరు బాగుంది, పనిముట్లు పదునుగా ఉండేవి, ఒక్కో పనికి ఒక్కో అనుభవజ్ఞుణ్ని మాకు జత చేశారు. ఒక మిల్లీమీటరు వాన కురిస్తే చదరపు మీటరుకు లీటరు నీళ్లు పడినట్టే అన్న చిన్న సూత్రం నాకు బాగా పనికొచ్చింది. వానమాపకం చూసుకుని ఆ రోజు నీళ్లు కట్టాలా వద్దా అని తేల్చడం దానితోనే నేర్చుకున్నాను. చీడపీడల పాఠం మాత్రం పలచగా సాగింది. పేనుబంక పట్టిన మొక్కలను పీకి పడేయడమే తప్ప, అది ఎందుకు పట్టిందో, దాన్ని తినే పురుగులను ఎలా నిలుపుకోవాలో మాకు సరిగా చెప్పలేదు.

కోత రోజులు ఈ ఇంటర్న్‌షిప్‌కు ప్రాణం. ఆకుకూరలను ఎండ ఎక్కక ముందే కోయాలి. కోసిన ఆకు పొలంలోని వేడిని తనలోనే మోస్తుంది. ఆ వేడిని త్వరగా దించకపోతే సాయంత్రానికల్లా వడలిపోతుంది. తెల్లవారుతుండగానే పాలకూర మడి దగ్గర వంగి, ఎడమ చేత్తో గుప్పెడు ఆకులు పట్టి, మొదలుకు రెండు వేళ్ల ఎత్తున కత్తి ఆడించేవాళ్లం. అంతకంటే కిందికి కోస్తే మొవ్వు తెగిపోతుంది, మళ్లీ చిగురు రాదు. కోసినవి కోసినట్టే నీడలోకి చేర్చి, చల్లని నీళ్ల తొట్టెల్లో ఒకదాని తర్వాత ఒకటిగా మూడు సార్లు ముంచి తీసి, జల్లెడ బల్ల మీద ఆరబెట్టేవాళ్లం.

ఆ తర్వాత కాటా. కాటా పక్కన దారంతో కట్టిన ఒక లావుపాటి పుస్తకం ఉండేది. తేదీ, మడి సంఖ్య, పంట, బరువు, కోసినవారి పొడి అక్షరాలు, చివరగా ఎటు వెళ్లింది అన్న గడి. ముందు ఖాళీ క్రేటును తూచి, ఆ బరువు తీసేసి, అప్పుడు కూర బరువు రాయాలి. మూడో వారంలో నేను తొందరపడి నీళ్లు కారుతున్న పాలకూరను కాటా మీద పెట్టాను. అక్కడ పాతికేళ్లుగా కూరగాయలు సర్దిన పెద్దావిడ నా చేయి పట్టుకుని ఆపి, "ఆ నీళ్లు కూడా తినేవాళ్ల లెక్కలోనే వేస్తామా అమ్మా? ఒక్క పది నిమిషాలు ఆగు" అన్నారు. పది నిమిషాల తర్వాత అదే క్రేటు తూస్తే కిలోకు పైగా తగ్గింది. ఆ తేడా వారం లెక్కలో చిన్నదే కావచ్చు. నెలల తరబడి అలా రాసుకుంటూ పోతే, ఇంత పండించామని క్షేత్రం చెప్పుకునే మాట మొత్తం నీటి మూటగా తేలుతుంది. ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాటకే నేను ఆ ఆరు నెలలకు రుణపడి ఉన్నాను.

పంచే రోజు వారానికి ఒకసారి, సాయంత్రం. క్షేత్రం వాటాల పద్ధతిలో నడుస్తుంది: పంటకాలం మొదట్లోనే కుటుంబాలు తమ వాటా సొమ్ము కట్టి, ఆ వారం పండినదాన్ని పంచుకుంటాయి. పంట బాగా వస్తే అందరికీ ఎక్కువ, తెగులు పడితే అందరికీ తక్కువ. జపాన్‌లో 1970లలో తినేవారూ పండించేవారూ నేరుగా కలిసి తెయికెయి పేరుతో నడిపిన ఏర్పాటు ఈ ఆలోచనకు ఒక మూలం. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూహ్యాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్ దాదాపు ఒకే కాలంలో ఈ దారి పట్టాయి. మా క్షేత్రంలో వాటా సొమ్ముకు మూడు మెట్లు ఉండేవి. ఎవరికి ఏ మెట్టు తగునో వారే ఎంచుకోవాలి, రుజువులు అడగరు. పెట్టెలు మాత్రం అన్నీ ఒకే కొలత, ఒకే రంగు. బల్ల దగ్గర నిలబడ్డ మాకు ఎవరు ఎంత కట్టారో తెలియకుండా జాబితాలో పేరు ఒక్కటే ఉండేది. ఆ ఏర్పాటు వెనుక ఉన్న మర్యాదను నేను చాలాసార్లు దగ్గర నుంచి చూశాను. ఒక తాతగారు ప్రతి వారం తన పెట్టెలోని ముల్లంగి కట్టను పైకెత్తి, ఆకులు విప్పి చూసి, "ఇవి ఎవరి చేతివమ్మా?" అని అడిగి, కోసిన మనిషిని పిలిపించుకుని రెండు మాటలు మాట్లాడి గానీ వెళ్లేవారు కాదు.

ఇక్కడే ఒక పొరపాటు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఇంటర్న్‌షిప్‌లో నేను నేర్చుకున్నదానిలో ఎక్కువ భాగం దాని నుంచే వచ్చింది. ముల్లంగిలో కొన్ని రకాలు విత్తిన నెల లోపే చేతికొస్తాయి. రెండు మడులు ఒకేసారి తయారై, వాటాలకు సరిపోగా దాదాపు నలభై కిలోలు మిగిలాయి. మేము సంతోషంగా ఆ నలభై కిలోలనూ పేటలోని సామూహిక వంటశాలకు తీసుకెళ్లి దించి వచ్చాం. పుస్తకంలో వంటశాల అని రాసి, పక్కన టిక్కు కూడా పెట్టాం. నాలుగు రోజుల తర్వాత వేరే పని మీద అక్కడికి వెళితే, సగానికి పైగా ముల్లంగి మెత్తబడి, ఆకులు పసుపెక్కి, చెత్త డబ్బా పక్కన ఉంది. ఆ వారం వాళ్ల ఫ్రిజ్ నిండా మరొకరు పంపిన కూరగాయలున్నాయి, తొక్క తీసి తరిగే మనుషులు ఇద్దరే ఉన్నారు. వంట చూసే ఆమె మమ్మల్ని కోప్పడలేదు. ఈసారి తెచ్చే ముందు ఒక్క ఫోన్ చేయండి అని మాత్రం అన్నారు. మేము పెట్టిన ఆ టిక్కు ఎంత అబద్ధమో నాకు అప్పుడు తెలిసింది.

క్షేత్రం ఆ సంగతిని కప్పిపుచ్చలేదు. ఆ వారమే పుస్తకంలో కొత్తగా రెండు గడులు గీశారు: అడిగింది ఎంత, తిరిగి వచ్చింది ఎంత. సోమవారం ఉదయం వంటశాలకు ఫోన్ చేసి ఏం కావాలో కనుక్కునే పని ఇంటర్న్‌లకు అప్పగించారు. ఆ ఫోన్లలో నేను విన్నవి తర్వాతి విత్తనాల ప్రణాళికను మార్చాయి. తరగడానికి మనుషులు తక్కువైన చోటికి కడిగి కట్టలు కట్టిన ఆకుకూర కావాలి; పళ్లు లేని ముసలివాళ్లు తినే చోటికి మెత్తగా ఉడికేవి కావాలి. లా వియా కంపెసినా అనే రైతుల అంతర్జాతీయ ఉద్యమం 1996లో ఆహార సార్వభౌమత్వం అన్న మాటను ప్రపంచం ముందు పెట్టింది. 2007లో మాలీలోని న్యెలెనిలో జరిగిన సమావేశం, తమ ఆహార వ్యవస్థను తామే నిర్ణయించుకునే హక్కు ప్రజలకు ఉందని ప్రకటించింది. పాఠంలో విన్నప్పుడు అది నాకు పెద్ద మాటగా మాత్రమే వినిపించింది. సోమవారం ఫోన్‌లో, వచ్చే నెల ముల్లంగి తగ్గించి పాలకూర పెంచమని వంటామె చెప్పినప్పుడు, ఆ పెద్ద మాట అర్థం నాకు తెలిసింది.

పాఠాలు వారానికి ఒక మధ్యాహ్నం జరిగేవి, వాటి నాణ్యత గురించి కూడా మంచి మాటే చెప్పాలి. సోవియట్ యూనియన్ 1991లో కూలిన తర్వాత ఇంధనం, ఎరువులు కరువైన క్యూబాలో, హవానా వాసులు ఖాళీ స్థలాలను కూరగాయల మడులుగా మార్చుకున్న తీరు గురించి ఒక వారం విన్నాం. మరో వారం అమెరికాలోని మిల్వాకీ నగరంలో నడిచిన గ్రోయింగ్ పవర్ సంస్థ గురించి విన్నాం. బాస్కెట్‌బాల్ ఆటగాడిగా పనిచేసిన విల్ ఆలెన్ 1993లో అక్కడ ఒక పాత గ్రీన్‌హౌస్ స్థలాన్ని కొని, దాన్ని పేద పేటలకు కూరగాయలు అందించే క్షేత్రంగా, ఎందరికో శిక్షణ ఇచ్చే బడిగా పెంచారు. 2008లో ఆయనకు, అసాధారణ ప్రతిభ చూపిన వారికి అమెరికాలో ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. నగర సేద్యం అంటే అందరూ ఆదర్శంగా చెప్పుకునే స్థాయికి ఎదిగిన ఆ సంస్థ, ఆర్థిక ఇబ్బందుల నడుమ 2017లో మూతపడింది. మా బోధకుడు ఆ ముగింపును దాటవేయకుండా, కూరగాయల అమ్మకంతోనే జీతాలు, శిక్షణ, పంపిణీ అన్నీ గడవడం ఎంత కష్టమో, విరాళాల మీద ఆధారపడితే అవి తగ్గిన ఏడాది ఏమవుతుందో ఓపికగా చర్చించారు.

ఆ పాఠం ముగిశాక నేను అడిగిన ప్రశ్న సహజమైనదే. మన క్షేత్రం ఆదాయంలో వాటాల సొమ్ము ఎంత, విరాళం ఎంత, మా భృతి ఎక్కడి నుంచి వస్తోంది అని అడిగాను. వచ్చే వారం చెబుతామన్నారు. తర్వాతి వారం సంవత్సరాంత నివేదికలో ఉంటుందన్నారు. నేను బయటికి వచ్చే నాటికి ఆ నివేదిక రాలేదు. ఏ మడిలో ఎన్ని కిలోలు కోశామో ఎవరైనా తెరిచి చూసుకునేలా కాటా పక్కన పుస్తకం పెట్టిన సంస్థకు ఇది తగినది కాదని నా బలమైన అభిప్రాయం. ఇలాంటి క్షేత్రాన్ని రేపు తామే ఒకటి మొదలుపెట్టాలనుకునే ఇంటర్న్‌కు, పాలకూర ఎలా కోయాలో తెలియడం ఎంత అవసరమో, క్షేత్రం ఖర్చులు ఎలా గడుస్తున్నాయో తెలియడమూ అంతే అవసరం. మిల్వాకీ కథను మాకు చెప్పింది అందుకే కదా.

శ్రమ లెక్క విషయం ఇంకా బాధ కలిగించింది. వారానికి 24 గంటలు అని చెప్పిన పని, కోతలు ముమ్మరమైన రెండు నెలల్లో 30 దాటింది. అదనపు గంటలను ఎక్కడా రాయలేదు. పంట మనకోసం ఆగదన్న మాట నిజమే, నేను కూడా మనస్ఫూర్తిగానే ఉండిపోయాను. కానీ చివరి నెలల్లో కొన్ని వారాల పాటు మా పని పూర్తిగా కడగడం, తూచడం, మోయడంగానే సాగింది, కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. ఇంటర్న్‌ను జీతం ఇవ్వవలసిన ఉద్యోగిగా చూడాలా వద్దా అని తేల్చడానికి, అమెరికా కార్మిక శాఖ లాభాపేక్ష గల సంస్థల విషయంలో 2018 నుంచి ఏడు అంశాల పరీక్షను పాటిస్తోంది. ఈ ఏర్పాటు వల్ల ప్రధానంగా మేలు పొందుతున్నది ఇంటర్నా, యజమానా అన్నది అందులో అసలు ప్రశ్న. మా క్షేత్రం లాభం కోసం నడిచేది కాదు, ఆ పరీక్ష దానికి అలాగే వర్తించకపోవచ్చు. అయినా ఆ ప్రశ్నను ప్రతి నెలాఖరున నిర్వాహకులూ ఇంటర్న్‌లూ కలిసి కూర్చుని వేసుకుంటే, ఆ చివరి వారాల్లో ఒక రోజైనా విత్తనాల ప్రణాళిక దగ్గరో వాటాల నమోదు దగ్గరో మమ్మల్ని కూర్చోబెట్టి ఉండేవారు.

ఎండల విషయంలో జాగ్రత్త ఆలస్యంగా వచ్చింది. ఎండ ముదిరిన వారాల్లోనూ మధ్యాహ్నపు పని అలాగే కొనసాగింది. ఒక రోజు నా తోటి ఇంటర్న్ టమాటా సాళ్ల మధ్య కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. నీడలోకి తీసుకెళ్లి, తడి గుడ్డ కప్పి, నీళ్లు పట్టాక తేరుకుంది. ఆ మర్నాటి నుంచి పని వేళలను తెల్లవారుజాముకు మార్చారు, గంటకోసారి నీడలో విరామం తప్పనిసరి చేశారు. ఆ మార్పు ముందే రావలసింది. వడదెబ్బ తగిలే దాకా ఆగవలసిన అవసరం లేదు, ఉష్ణోగ్రత ఇంత దాటితే పని ఆపాలన్న నియమం మొదటి రోజే గోడ మీద రాసి ఉంటే సరిపోయేది.

భృతి గురించి అంకెలు చెప్పను గానీ, అది బస్సు ఖర్చులకూ మధ్యాహ్నం తిండికీ సరిపోయేది, ఇంటి అద్దెకు సరిపోదు. దీని ఫలితం మా నలుగురిని చూస్తేనే తెలిసిపోతుంది. మేమందరం ఇంట్లో మరొకరి సంపాదన అండ ఉన్నవాళ్లమే. క్షేత్రం ఏ పేట కోసం నడుస్తోందో ఆ పేట నుంచి మాలో ఒక్కరూ లేరు. కోత రోజుల్లో స్వచ్ఛందంగా సాయం చేయడానికి వచ్చే ఆ పేట అమ్మాయి ఒకామె, నాకంటే వేగంగా, నాకంటే శుభ్రంగా కట్టలు కట్టేది. వచ్చే ఏడు దరఖాస్తు పెట్టకూడదా అని అడిగితే, ఈ డబ్బుతో ఇల్లు గడవదక్కా అంది. పేటవారి ఆహారాన్ని పేటవారి చేతుల్లోనే పెట్టాలని చెప్పే సంస్థ, నడపడం నేర్పే చోట ఆ పేటవారికి కుర్చీ వేయలేకపోవడం నాకు అన్నింటికంటే పెద్ద లోపంగా కనిపించింది. నలుగురు ఇంటర్న్‌లకు పంచే సొమ్మును ఇద్దరికి ఇచ్చి, ఆ ఇద్దరిలో ఒకరినైనా ఆ పేట నుంచి తీసుకుంటే మేలని నేను నిర్వాహకులకు సూచించాను.

ఇన్ని చెప్పిన తర్వాత కూడా, ఈ ఇంటర్న్‌షిప్‌కు నేను ఐదుకు నాలుగు ఇస్తున్నాను. నేల పరీక్ష, కోత, పంపిణీ, తప్పును ఒప్పుకుని పుస్తకంలో గడి గీసిన ఆ నిజాయితీ ఆ నాలుగింటికీ కారణం. రెండు మూడు మొక్కలు పెంచడం తెలిసి, పండినది పదిమందికి చేర్చడం ఎలాగో తెలుసుకోవాలని ఉన్నవారికి ఇది చక్కగా సరిపోతుంది. ఆరు నెలల పాటు వేరే ఆదాయం లేకుండా గడవని వారు భృతి ఎంతో ముందు అడిగి గానీ చేరవద్దు. శారీరక శ్రమ ఎక్కువే: రోజుకు పది పన్నెండు సార్లు పదిహేను కిలోల క్రేట్లు ఎత్తాలి, గంటల తరబడి వంగి ఉండాలి. వెళ్లి చూసే రోజు మంచి ఎంపిక పంచే రోజు సాయంత్రమే. బల్ల దగ్గర నిలబడి, పెట్టె తీసుకునే వారితో పనిచేసే వారు ఎలా మాట్లాడుతున్నారో వినండి, తూకం పుస్తకం చూపించమని అడగండి, గంటలూ విరామాలూ భృతీ కాగితం మీద రాసిస్తారా అని అడగండి.

చివరి వారం నాతో జరిపిన సంభాషణలో ఈ విషయాలన్నీ నేను మూడు పేజీల్లో రాసిచ్చాను. నిర్వాహకురాలు నా ఎదుటే చదివి, కొన్నింటి దగ్గర గీత గీసుకున్నారు. తర్వాతి విడత ఇంటర్న్‌ల కోసం వెలువడిన ప్రకటనను నేను చూశాను. అందులో వారానికి ఎన్ని గంటలో, అదనపు గంటలకు బదులు సెలవు ఎలా ఇస్తారో స్పష్టంగా ఉంది. ఎండ వేళల నియమం ఉంది. నలుగురికి బదులు ముగ్గురినే తీసుకుంటామని, వారిలో ఒక చోటు పేటవారికి కేటాయించామని ఉంది. పాఠాల పట్టికలో క్షేత్రం జమాఖర్చులకు ఇంకా వారం కేటాయించలేదు.